ఐదో గడి

డాక్టర్ వీరభద్రం ఐదో గడిని తీసేయించిన రోజున డాక్టర్ ఎస్తేరు చివరికి చేసిన పని ఒక్కటే. నవ్వు బయటికి రాకుండా మూతి బిగబట్టుకోవడం.

విశాఖపట్నంలో సముద్రం కనిపించేటంత ఎత్తున, కొండ వాలులో కట్టిన మెదడు వైద్య పరిశోధనాలయానికి వీరభద్రం అధిపతి. ఎస్తేరు అక్కడ నరాల వైద్యురాలు. ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసి తయారుచేసిన యంత్రం పేరు 'జాడ'. కలిసి అంటే, ఎస్తేరు పని చేసింది, వీరభద్రం ప్రసంగాలు చేశాడు.

పక్షవాతం వచ్చిన మనిషి మెదడు నాళంలోంచి తీసిన రక్తపు గడ్డని, అది దొరక్కపోతే రక్తంలో కలిసిన దాని నలుసుని, చిన్న గాజు పళ్లెంలో పెడితే జాడ దాన్ని పొరపొరగా చదివేది. ప్రతి గడ్డా తాను పుట్టిన చోటి ప్రవాహాన్ని తన పొరల్లో దాచుకుంటుందన్నది ఎస్తేరు కనిపెట్టిన సంగతి. నిలవ నీటిలో పేరుకున్న ఒండ్రు ఒకలా ఉంటుంది, ఏటి వడిలో రాతిని పట్టుకున్న నాచు ఇంకోలా ఉంటుంది. గడ్డలూ అంతే. గుండెలో మందగించిన రక్తం నుంచి పుట్టిందైతే తెర మీద ఆ గుండె గది సుళ్లు తిరుగుతూ కనిపించేది. మెడలోని పెద్ద నాళంలో, కొవ్వు పట్టి గరుకెక్కిన గోడ మీద పుట్టిందైతే ఆ గోడ కనిపించేది. మెదడు లోతుల్లో వెంట్రుకల్లాంటి సన్న నాళాలు పూడుకుపోతే ఆ ఇరుకు సందులు కనిపించేవి. రక్తంలో పుట్టుదోషాల్లాంటి అరుదైన కారణాలకు నాలుగో గడి. ఏ గడిలో పడిన రోగికి ఆ గడి మందు.

ఎందులోనూ ఇమడనివీ వచ్చేవి. అప్పుడు తెర బూడిదరంగుకు తిరిగి, అడుగున ఐదో గడి వెలిగేది: 'కారణం తేలలేదు'.

వీరభద్రానికి ఆ వెలుగు కంట్లో నలుసులా ఉండేది.

"ఏమీ తెలియదని చెప్పడానికి యంత్రం ఎందుకండీ? మా ఊరి ఆరెంపీ డాక్టరు చాలడా?" అన్నాడు సమావేశంలో. "తెలియదు అన్నది రోగం పేరు కాదు, సోమరితనం పేరు. ఫణీ, ఆ గడి తీసెయ్. నాలుగింటిలో ఏది కాస్త దగ్గరగా ఉంటే అదే చెప్పనీ."

యంత్రం లెక్కలు చూసే ఇంజనీరు ఫణి, ఎస్తేరు వైపు చూశాడు.

"గడి తీసేస్తే తెలియనిది తెలిసిపోదు సార్," అంది ఎస్తేరు. "తెలియదని చెప్పే నోరు పోతుంది, అంతే."

"మీకు ధైర్యం తక్కువ, ఎస్తేరమ్మా. అందుకే మీరు పళ్లెం దగ్గరున్నారు, నేను మైకు దగ్గరున్నాను."

అందరూ నవ్వారు. ఎస్తేరుకీ నవ్వొచ్చింది, కాకపోతే ఆయన్ని చూసి. మూతి బిగబట్టుకుంది. ఫణి ఆ సాయంత్రమే గడి తీసేశాడు.

ఎస్తేరు ఆ కథంతా ఇంటికి మోసుకెళ్లింది. మహారాణిపేటలోని ఆ ఇంట్లో ఉండేది తనూ, అక్క రూతూ. రూతు పెళ్లి చేసుకోలేదు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. లోకంలో ఎవర్ని చూసినా పరీక్ష పేపరు దిద్దినట్టే చూసేది. పాస్టరు గారి ప్రసంగానికి పాతిక మార్కులు, పక్కింటాయన రాజకీయ జ్ఞానానికి పది, తమ్ముడి పెళ్లాం చేసే చేపల పులుసుకి గ్రేస్ మార్కులు. ఆమె నోట్లోంచి 'సరే' అన్న మాట వినాలని బంధువులు ముచ్చట పడేవాళ్లు. ఎవరేం చెప్పినా "అదేం కుదరదు" అనేది ముందు, తర్వాత ఆలోచించేది.

వీరభద్రానికి 'శంఖం గారు' అని పేరు పెట్టింది రూతే. లోపల డొల్ల, ఎవరో ఊదితే మోత. గొంతు పెంచి, పొట్ట ముందుకు తోసి, ఆయన మైకు పట్టుకోవడం ఆమె చేసి చూపిస్తుంటే ఎస్తేరు అన్నం ముందు కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వేది. అలా నవ్వుకుంటే ఆరోజు పడిన అవమానం కడిగేసుకున్నట్టుండేది. మర్నాడు మళ్లీ వెళ్లి ఆయన చెప్పినట్టే చేసేది.

ఐదో గడి పోయాక వచ్చిన వాళ్లలో సన్యాసినాయుడు ఒకడు. కశింకోట పక్క పల్లెలో బెల్లం వండే రైతు. కుడిచెయ్యి కాస్త పట్టు తప్పింది, మూతి కొంచెం వంకర పోయింది, అంతే. నడిచే వచ్చాడు. అంతకుముందు చూసిన డాక్టర్లు గుండె నిక్షేపంలా ఉందన్నారు. జాడ మాత్రం 'గుండె' అంది. గుండె గడి అంటే 'కావలి' పెట్టాలి. అది బియ్యపుగింజంత మందు గుళిక. చర్మం కింద దాచితే కొత్త గడ్డ కట్టకుండా రక్తాన్ని ఏడాది పాటు పలచగా ఉంచుతుంది. ఒకసారి పెట్టాక దాని పనిని ఆపడం ఎవరి తరమూ కాదు. గడ్డలు గుండెలో పుట్టే వాళ్లకి అది ప్రాణదాత. మెదడు నాళాలు పెళుసుబారిన వాళ్లకి అదే కత్తి.

సన్యాసినాయుడికి అదే అయింది. నెల తిరక్కుండా మెదడులో రక్తం చిమ్మి, బెల్లం పొయ్యి ముందే కూలిపోయి చనిపోయాడు.

"నాళాలు బలహీనంగా ఉండడం ఆయన దురదృష్టం," అన్నాడు వీరభద్రం. "జాడ లెక్కల్లో దీన్ని కలపకండి. 'రోగి సంబంధిత కారణం' అని విడిగా రాయండి."

బతికున్న వాళ్లకి ఒక గడి తీసేసిన మనిషి చచ్చిపోయిన వాళ్లకి కొత్త గడి కట్టాడనుకుంది ఎస్తేరు. ఆ మాట సాయంత్రం అక్కకి చెప్పాలని కూడా అనుకుంది. ఆ తర్వాత ఫణిని అడిగి, సన్యాసినాయుడి నలుసుని జాడ చదివినప్పటి అసలు లెక్కలు తెరిపించింది. నాలుగు గడులూ దాదాపు సమానంగా ఉన్నాయి. గుండెది ఒక పిసరు ఎక్కువ. పాత జాడ అయితే బూడిదరంగు తెర చూపించేది. ఆమె కాసేపు తెర వైపు చూసి, మూసేయమంది.

బయట వరండాలో సన్యాసినాయుడి భార్య అప్పలనర్సమ్మ ఎదురుపడింది. మనిషి ఎండుకట్టెలా ఉంది.

"డాక్టరమ్మా, ఆడి గుండె బాగుందని ముందు అన్నారు గదా. మిసను గుండె అన్నాదేటి? మాయత్త నా వంటలో ఉప్పు వల్లే పోయాడని ఊరంతా సెప్పుకుంటంది. నా సేతి కూడు ముట్టడం మానేసింది. అసలేటయిందో మీరైనా సెప్పండి."

ఎస్తేరు దగ్గర జవాబుంది. ఒక్క నిమిషంలో చెప్పేయగలిగే జవాబే.

"పెద్ద డాక్టరు గారితో మాట్లాడమ్మా," అని పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఉప్మా తింటూ ఆమె ఈ సంగతి మొత్తం అక్కకి చెప్పింది. శంఖం గారు చనిపోయిన వాళ్లకి గడి కట్టారన్న దగ్గర రూతు నవ్వుతుందని ఆగింది. రూతు నవ్వలేదు.

"ఆవిడకేం చెప్పావ్?"

"ఏం చెప్పను? ఆయన దగ్గరికి వెళ్లమన్నాను."

"నీకు తెలిసీ."

"నేనేం చేస్తానక్కా? ఆయన సంగతి నీకు తెలుసు కదా."

"ఆయన సంగతి తెలుసు. ఆయనకి తెలివి లేదు. నీకేం లేదో ఇప్పుడు తెలుస్తోంది." రూతు కంచం పక్కకి నెట్టింది. "ఇన్నాళ్లూ ఇద్దరం కూర్చుని నవ్వుకున్నాం. వాణ్ణి చూసి నవ్వితే మనం వాడికంటే గొప్పవాళ్లం అయిపోయామనుకున్నాం. అక్కడ ఒకడు చచ్చాడే. ఆ శంఖం తెలియక చంపాడు. నువ్వు తెలిసి ఊరుకున్నావు. ఎవరికెన్ని మార్కులెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఎస్తేరు చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. రెండు మూడు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. అక్కకేం, బ్లాక్‌బోర్డు ముందు నిలబడి తీర్పులు చెప్పడం తేలికేనని ఉడుక్కుంటూ తిరిగింది.

ఆ బ్లాక్‌బోర్డు ముందే రూతు పడిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లని దేనికో కోప్పడుతూ కోప్పడుతూ, మాట మధ్యలో ఆగి, చేతిలోని సుద్దముక్క వదిలేసి, కుడిపక్కకి ఒరిగిపోయిందట. టీచర్లు ఆటోలో వేసుకుని నేరుగా పరిశోధనాలయానికే తెచ్చారు. తొడ దగ్గర నాళంలోంచి తీగ పంపి మెదడులో అడ్డుపడ్డ గడ్డని బయటికి లాగారు. చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి. మాట రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమయ్యేది గానీ, నోరు తెరిస్తే ఒక్క మాటే వచ్చేది.

"సరే."

నీళ్లు కావాలా అంటే సరే. వద్దా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. కళ్లల్లో మాత్రం పాత రూతు నిప్పులు కక్కుతూ ఉండేది. ఆ ఒక్క మాటనే ఆమె కోపంగానూ, వెక్కిరింతగానూ, బతిమాలుతున్నట్టుగానూ పలికేది. ఎస్తేరుకి రెండు రోజుల్లో ఆ రాగాలన్నీ పట్టుబడ్డాయి. 'అదేం కుదరదు' అనే సరేకి చివర్న గొంతు కత్తిరించినట్టు తెగేది.

గడ్డని జాడలో పెట్టారు. 'గుండె' అంది. ఎస్తేరు ఈసారి ఫణిని అడిగి వెంటనే లెక్కలు తెరిపించింది. మళ్లీ అదే వరస, నాలుగూ సమానం. నేరుగా వీరభద్రం గదిలోకి నడిచింది.

"మా అక్కకి కావలి పెట్టడానికి వీల్లేదు సార్. జాడకి తెలియలేదు. మనం బలవంతంగా చెప్పించాం. సన్యాసినాయుడికీ అంతే చేశాం."

వీరభద్రం కుర్చీలో వెనక్కి వాలాడు. "దేవుడు మనకి ఎలాంటి అవకాశం ఇచ్చాడో మీకు అర్థం కావడం లేదు. వచ్చేవారం ఢిల్లీ నుంచి నిపుణుల బృందం వస్తోంది. దేశమంతా జాడ పెట్టాలా వద్దా తేలుస్తారు. వాళ్ల ముందు, జాడని తయారుచేసిన డాక్టరు సొంత అక్కకి కావలి పెడితే ఎంత నమ్మకం."

"ఆవిడ ఒప్పుకోవాలి కదా."

"పొద్దున్నే అడిగాను. సరే అన్నారు."

ఎస్తేరు బల్ల దగ్గరికి జరిగింది. "సార్, ఆవిడకి ఆ మాట తప్ప ఇంకోటి రాదు."

"కావలసింది కూడా ఆ మాటేగా," అని ఆయన చిరునవ్వు నవ్వాడు. తనేదో చమత్కరించినట్టు ఆయనకి తోచింది.

ఇలాంటి నవ్వుని ఇంట్లో ఎన్నిసార్లు అనుకరించి చూపించిందో రూతు. ఎస్తేరుకి ఈసారి నవ్వు రాలేదు. అసహ్యం మాత్రం అలాగే ఉంది, ఇంకా పెరిగింది. అందులో సగం తన వైపుకి తిరిగి ఉంది.

వార్డుకి వెళ్లేసరికి రూతు మంచం చుట్టూ స్కూలు పిల్లలు. మెత్తగా నమలగలిగినది కదా అని మామిడి తాండ్ర తెచ్చారు. ఎస్తేరు ఒక ముక్క విరిచి అక్క నోటికి అందిస్తూ దాని అంచుకేసి చూసింది. పొర మీద పొర. ఒక పూత ఎండాక ఇంకో పూత. ముదురు గోధుమరంగు, అక్కడక్కడ నలుపు. గాజు పళ్లెంలో ఉప్పునీళ్లలో వేస్తే, పాతబడిన గడ్డని చూసి చూసి అలిసిన కళ్లు కూడా తేడా పట్టలేవు.

మిగిలిన తాండ్రని రుమాల్లో చుట్టి కోటు జేబులో పెట్టుకుంది.

నిపుణులు వచ్చిన రోజు హాలు పూలమాలల వాసన కొట్టింది. రూతుని చక్రాల కుర్చీలో ముందు వరసకి తెచ్చారు. ఎడమ చేతి మీద కావలి పెట్టే చోటు గుడ్డతో శుభ్రం చేసి, నర్సు పక్కన ట్రేతో నిలబడింది. వీరభద్రం మైకు తీసుకున్నాడు. తెలియదు అనే చీకటి యుగం ముగిసిందన్నాడు. ఆ తర్వాత వంగి, అందరికీ వినిపించేలా అడిగాడు.

"అమ్మా, కావలి పెట్టమంటారా?"

"సరే," అంది రూతు. చివర్న గొంతు కత్తిరించినట్టు తెగింది.

హాలు చప్పట్లు కొట్టింది.

"ఈవిడ గడ్డని మీ ముందు ఇంకోసారి చదివిస్తాం. జాడ ఎప్పుడూ మాట మార్చదు," అన్నాడు వీరభద్రం. పళ్లెం పట్టుకుని ఎస్తేరు ముందుకు వచ్చింది. పళ్లేన్ని యంత్రంలోకి తోసింది. ఫణి ఒక్కసారి పళ్లెంకేసి, ఒక్కసారి ఆమె మొహంకేసి చూసి, మీట నొక్కాడు.

తెర మీద ఎర్రటి సుళ్లు లేచాయి. గుండె గది ఒకటి మెల్లగా రూపు కట్టింది. అడుగున అక్షరాలు వచ్చాయి: 'గుండె. కావలి అవసరం.'

"చూశారా," అన్నాడు వీరభద్రం గొంతు బరువుగా చేసి. "ఎడమ వైపు పై గది. రక్తం అక్కడ ఎలా మందగించిందో గమనించండి. ఈ గుండె ఎన్నాళ్లుగా బాధపడుతోందో పాపం."

"సార్, ఈ రోగికి కావలి పెట్టమంటారా?" అని అడిగింది ఎస్తేరు.

"ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు."

"ఎక్కడ పెట్టాలో చెప్పండి." ఆమె పళ్లెం బయటికి లాగి, పట్టకారుతో ఆ ముక్కని పైకెత్తి చూపించింది. "ఇది మామిడి తాండ్ర."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఎస్తేరు జేబులోంచి రుమాలు తీసి, మిగతా తాండ్రని బల్ల మీద పెట్టింది. నిపుణుల్లో పెద్దావిడ లేచి వచ్చి, ఒక ముక్క తుంచి, వాసన చూసి, నోట్లో వేసుకుని నమిలింది.

"తాండ్రే," అంది.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఎస్తేరు నవ్వలేదు. మైకు అందుకుని, ఈ యంత్రానికి తెలియదని చెప్పే నోరు ఉండేదని, దాన్ని తీసేశారని, తీసేస్తుంటే తను చూస్తూ ఊరుకుందని, ఆ తర్వాత సన్యాసినాయుడు అనే మనిషి చనిపోయాడని చెప్పింది. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. నర్సు ఎవరూ చెప్పకుండానే ట్రే మీద గుడ్డ కప్పేసి పక్కకి జరిగింది.

వీరభద్రం సంగతి ఏమైందని అడిగేవాళ్లకి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అలాంటి వాళ్లకి ఏమీ కాదు. బృందం ఐదో గడిని మళ్లీ పెట్టమంది, ఆ మధ్య కావలి పెట్టిన వాళ్లందర్నీ వెతికి పిలిపించి కనిపెట్టుకుని ఉండమంది. నెల తిరిగేసరికి ఆయన ఇంకో సభలో మైకు పట్టుకుని, శాస్త్రవేత్తకి వినయం ముఖ్యమని, తెలియనిది తెలియదని ఒప్పుకునే గడిని తన యంత్రంలో తనే పెట్టానని చెప్పాడు. శాలువా కప్పారు. ఎస్తేరుకి మాత్రం క్రమశిక్షణ నోటీసు వచ్చింది. ఆమె దాన్ని మడిచి సొరుగులో పడేసింది.

రూతు మంచం దగ్గరి చీటీ మీద ఎస్తేరే 'కారణం తేలలేదు' అని రాసింది. మామూలు మాత్రలు, గుండె లయని కనిపెట్టి ఉండే పట్టీ, రోజూ మాట నేర్పే టీచరు. లెక్కల టీచరుకి టీచరు. రూతు ఆవిడ పాఠాలన్నిటికీ తెగిపోయే గొంతుతో సరే అంటూనే, కాలక్రమంలో ఇంకో నాలుగు మాటలు సంపాదించింది. వాటిలో మర్యాదగా పైకి చెప్పదగ్గవి రెండే.

ఒక ఆదివారం పొద్దున ఎస్తేరు చర్చికి వెళ్లకుండా కశింకోట బస్సెక్కింది.

అప్పలనర్సమ్మ ఇల్లు చెరుకు తోటల అంచున ఉంది. బెల్లం పొయ్యి చల్లారి బూడిద తేలి ఉంది. అరుగు మీద అత్తగారు, మసకబారిన కళ్లతో, విడిగా తన పొయ్యి తను పెట్టుకుని గిన్నెలో ఏదో కలుపుతోంది. అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి ఎస్తేరుని గుర్తుపట్టింది గానీ కూర్చోమనలేదు.

ఎస్తేరు నిలబడే చెప్పింది. యంత్రానికి తెలియలేదని, తెలిసినట్టు తాము చెప్పించామని, ఇవ్వకూడని మందు ఇచ్చామని, అందువల్లే మెదడులో రక్తం చిమ్మిందని.

అప్పలనర్సమ్మ అంతా వింది. "ఆ రోజు వరండాలో మీకీ సంగతి తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"తెలిసి పక్కనుంచెల్లిపోనారు."

"వెళ్లిపోయాను."

"నాకు సెప్పింది సాలదు. ఆవిడికి సెప్పండి. గట్టిగా సెప్పండి, సెముడు."

ఎస్తేరు అరుగు దగ్గరికి వెళ్లి, వంగి, అవే మాటలు మళ్లీ మొదటి నుంచి, గొంతు పెంచి చెప్పింది. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. వాళ్లకీ వినపడింది. ఉప్పు వల్ల కాదని, కోడలి వంట వల్ల కాదని, మీ అబ్బాయిని చంపింది మా మందేనని చెప్పింది.

ముసలమ్మ గిన్నెలో చెయ్యి ఆపింది.

"అయితే ముందు ఆ సెయ్యి పడిపోడం, ఆ మూతి వంకరా, అదెందుకొచ్చినట్టు?"

"తెలియదమ్మా."

"తెలీదా?"

"తెలియదు. మా దగ్గరున్నవన్నీ పెట్టి చూశాం. తేలలేదు."

ముసలమ్మ తల పైకెత్తి, ఆ మసక కళ్లతోనే ఎస్తేరుని కింది నుంచి పైదాకా కొలిచింది. చీర, వాచీ, చేతిసంచి, అన్నీ.

"ఇంత సదువూ సదివి."

"అవునమ్మా. ఇంత చదివీ తెలియదు."

ముసలమ్మ పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మింది. చేతిలోని గిన్నెని అరుగు కిందికి గిరాటేసింది. కలిపిన గంజి బూడిదలో పారింది. కోడలు గుమ్మం దిగి ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగింది.

"ఏటే, కూడొండావా?" అంది ముసలమ్మ, ఎటో చూస్తూ.

"ఒండాను."

"ముందు ఈవిడ్ని ఎల్లమను. తరవాత నాకింత ఎట్టు."